బగ్ మీ దగ్గరుంది, కోడ్ వాళ్ల దగ్గరుంది: లినక్స్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు బగ్ రిపోర్టు ఎలా రాయాలి

నా మొదటి బగ్ రిపోర్టు మొత్తం రెండే వాక్యాలు. "సస్పెండ్ పనిచేయడం లేదు. దయచేసి సరిచేయండి." రెండు రోజుల్లో ఎవరో రెండు ప్రశ్నలు అడిగారట. ఆ మెయిల్ నేనెప్పుడూ తెరవని ఫోల్డర్‌లోకి పోయింది. రెండు నెలల తర్వాత "సమాచారం చాలదు" అని మూసేశారు. వీళ్లకు వాడేవాళ్లంటే లెక్కే లేదని చాలాకాలం సణుక్కున్నాను. తర్వాతెప్పుడో ఆ రిపోర్టును మళ్లీ చదివితే సిగ్గేసింది. మెషీన్ అసలు నిద్రపోవడం లేదా, నిద్రపోయి లేవడం లేదా, లేచాక తెర నల్లగా ఉంటోందా? అది కూడా చెప్పలేదు. ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం), ఏ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం), ఏ లాప్‌టాప్ అన్న ఊసే లేదు.

డెవలపర్ దగ్గర కోడ్ ఉంటుంది కానీ మీ మెషీన్ ఉండదు. మీ దగ్గర మెషీన్ ఉంటుంది, బగ్ కూడా అందులోనే ఉంటుంది. ఆ బగ్‌ను ముక్కూ మొహం తెలియని మనిషి కంప్యూటర్ మీద కూడా కనిపించేలా చేయడమే రిపోర్టు పని. దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కింద కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. 'మైనస్' అన్నచోట చిన్న అడ్డగీత.

రీబూట్ చేయకముందే రాసుకోండి

ఏదైనా తేడా చేయగానే మన చెయ్యి పవర్ బటన్ మీదకు పోతుంది. ఒక్క నిమిషం ఆగండి. గడియారం చూసి టైమ్ రాసుకోండి, సెకన్లతో సహా అయితే మరీ మంచిది. తర్వాత లాగ్‌లో (మెషీన్ తను చేసే పనులు రాసుకునే చిట్టాలో) వేల వరుసల మధ్య వెతుక్కునేటప్పుడు ఆ టైమే దారి చూపిస్తుంది. ఆ క్షణంలో ఏ కిటికీలు తెరిచి ఉన్నాయో, చివరగా ఏది నొక్కారో, ఏ పరికరాలు తగిలించి ఉన్నాయో కూడా రాసి పెట్టుకోండి. గంట గడిచాక గుర్తుకొచ్చేది సగం నిజం, సగం మన ఊహ.

ఎర్రర్ మెసేజ్ వస్తే ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి. "ఏదో పర్మిషన్ ఎర్రర్ వచ్చింది" అంటే అవతలివాళ్లకు చేసేదేమీ ఉండదు. కాపీ కాకపోతే స్క్రీన్‌షాట్, అదీ కుదరకపోతే ఫోన్‌తో ఫోటో. మీ డెస్క్‌టాప్ తెలుగులో ఉంటే మెసేజ్ కూడా తెలుగులోనే వస్తుంది, దాన్ని వెతికినా ఎక్కడా దొరకదు. ఆ ప్రోగ్రామ్‌ను టెర్మినల్ నుంచి, దాని పేరుకు ముందు 'ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ ఈక్వల్స్ సీ' అని పెద్ద అక్షరాల్లో పెట్టి, ఒక ఖాళీ వదిలి నడపండి. ఆ ఒక్కసారికి మెసేజ్‌లన్నీ ఇంగ్లిష్‌లో వస్తాయి.

మళ్లీ రప్పించండి, ఆ తర్వాత వడకట్టండి

మొత్తం పనిలో ముప్పావు వంతు ఇదే. దీనికి గంట పట్టినా ఆ గంట వృథా కాదు.

మొదట అదే పనిని అదే వరసలో మళ్లీ చేయండి. పదిసార్లు చేసి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. "అప్పుడప్పుడూ వస్తోంది" కంటే "పదింటిలో మూడుసార్లు వచ్చింది" అన్న మాట ఎంతో నయం. పదికి పదిసార్లూ వస్తే మీ అదృష్టం.

తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ పోండి. ఒకసారికి ఒక్కటే. నాలుగు మార్పులు కలిపి చేస్తే బగ్ పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. నా సస్పెండ్ గొడవ తేలింది ఇలాగే. రెండోసారి రిపోర్టు వేద్దామని కూర్చున్నప్పుడు మొదట చార్జర్ తీసి చూశాను, మార్పు లేదు. బయటి మానిటర్ తీశాను, లేదు. బ్లూటూత్ ఆపాను, లేదు. చివరికి వైర్‌లెస్ మౌస్ తాలూకు యూఎస్‌బీ డాంగిల్ పీకాను. మెషీన్ హాయిగా నిద్రపోయింది! తిరిగి పెట్టాను, నిద్రపోయిన రెండు సెకన్లకే లేచి కూర్చుంది. అంటే సస్పెండ్ పనిచేయకపోవడం కాదు, పనిచేసి వెంటనే మేలుకోవడం. ఇన్నాళ్లూ నేను తప్పుడు బగ్ గురించి సణిగానన్నమాట.

మీ సమస్య డెస్క్‌టాప్‌లోనో, ఏదైనా ప్రోగ్రామ్‌లోనో అయితే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి సృష్టించి, అందులో లాగిన్ అయి చూడటం నాకు తెలిసినంతలో అన్నిటికంటే చవకైన పరీక్ష. మీ సెట్టింగులన్నీ హోమ్ ఫోల్డర్‌లోని చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లలో ఉంటాయి, కొత్త అకౌంట్‌కు అవేవీ ఉండవు. అక్కడ బగ్ రాకపోతే మూలం మీ సెట్టింగుల్లోనో, మీరు వేసుకున్న ఎక్స్‌టెన్షన్‌లోనో ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి చూడకుండా రిపోర్టు వేయకపోవడం మంచిది, అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూలోనే ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, లిబ్రేఆఫీస్‌లో అదే మెనూలో సేఫ్ మోడ్ ఉంది. యాడ్-ఆన్‌లనూ మీ సొంత మార్పులనూ పక్కనపెట్టి నడిపి చూడటానికే అవి.

నిన్నటిదాకా బాగుండి ఇవాళ చెడిందా? అయితే మధ్యలో ఏ అప్‌డేట్ వచ్చిందో చూడండి. డెబియన్, ఉబుంటు, మింట్‌లలో ప్రోగ్రామ్‌లను వేసే ఏపీటీ తన చరిత్రను స్లాష్ వార్ స్లాష్ లాగ్ కింద ఏపీటీ ఫోల్డర్‌లో రాసిపెడుతుంది. ఫెడోరాలో 'డీఎన్‌ఎఫ్ హిస్టరీ లిస్ట్' అని అడిగితే చెబుతుంది. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ లాగ్ ఉంటుంది. కెర్నెల్ మీద అనుమానముంటే బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో బూట్ చేయండి. పాతదానిలో పనిచేసి కొత్తదానిలో చెడితే దాన్ని రిగ్రెషన్ అంటారు. ముందు పనిచేసినదాన్ని చెడగొట్టకూడదన్న నియమాన్ని కెర్నెల్ రాసేవాళ్లు చాలా గట్టిగా పట్టించుకుంటారు. పనిచేసిన ఆఖరి వెర్షన్, చెడిన మొదటి వెర్షన్ రెండూ చెప్పగలిగితే వాళ్ల వెతుకులాట సగం తగ్గించినట్టే.

ఎవరి గడప తొక్కాలి

లినక్స్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మీరు వాడే ఫైల్ మేనేజర్‌ను రాసినవాళ్లు ఒకరు, దాన్ని ప్యాకేజీ చేసి మీకు అందించిన డిస్ట్రో వాళ్లు వేరొకరు. రాసినవాళ్లను అప్‌స్ట్రీమ్ అంటారు. ఒక్కోసారి డిస్ట్రో వాళ్లు కోడ్‌కు తమ ప్యాచ్‌లు (చిన్న మార్పులు) కలుపుతారు, చాలాసార్లు రెండేళ్ల పాత వెర్షన్‌ను ఇస్తారు. ఆ పాత వెర్షన్ బగ్‌ను అప్‌స్ట్రీమ్‌కు తీసుకెళ్తే "అది ఎప్పుడో సరిచేశాం" అని మర్యాదగా వెనక్కి పంపుతారు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. అదే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ ఫ్లాట్‌ప్యాక్‌గా (ఏ డిస్ట్రోలోనైనా నడిచే పెట్టెలాంటి ప్యాకేజీగా) దొరికితే వేసి చూస్తాను, లేదా వేరే డిస్ట్రో లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేయగల పెన్‌డ్రైవ్) పెట్టి చూస్తాను. అక్కడా బగ్ ఉంటే అప్‌స్ట్రీమ్‌కు, నా డిస్ట్రో ప్యాకేజీలోనే ఉంటే డిస్ట్రోకు. తేల్చుకోలేకపోతే డిస్ట్రోకే వేయండి, అవసరమైతే వాళ్లే పైకి పంపుతారు. కెర్నెల్, డ్రైవర్ల విషయంలోనైతే మొదట డిస్ట్రోయే నయం. ఎన్విడియా వాళ్ల సొంత డ్రైవర్ వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. సోర్స్ తెరిచి లేని మాడ్యూల్ ఎక్కితే కెర్నెల్ తనను తాను 'టెయింటెడ్' అని గుర్తు వేసుకుంటుంది. అది లేకుండా బగ్ వస్తోందా అని వాళ్లు అడుగుతారు.

ఉబుంటులో టెర్మినల్ తెరిచి 'ఉబుంటు మైనస్ బగ్' అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే కావలసిన వివరాలు చాలావరకు తనే పోగుచేసి ఉబుంటు బగ్ ట్రాకర్ (బగ్‌లు నమోదుచేసే సైటు) అయిన లాంచ్‌ప్యాడ్ పేజీ తెరుస్తుంది. డెబియన్‌లో 'రిపోర్ట్‌బగ్' ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ నడిపిస్తుంది. అక్కడ వ్యవహారమంతా ఈమెయిల్ మీదే, మీ మెయిల్ అడ్రస్ అందరికీ కనిపిస్తుందని తెలిసే పంపండి. ఫెడోరా బగ్‌లు రెడ్ హ్యాట్ వాళ్ల బగ్‌జిల్లా అనే ట్రాకర్‌లో ఉంటాయి. కేడీఈ డెస్క్‌టాప్‌కు సొంత బగ్‌జిల్లా ఉంది, పైగా ప్రోగ్రామ్ క్రాష్ అయితే డాక్టర్ కాంకీ అనే కిటికీ దానంతటదే వచ్చి రిపోర్టు వేస్తారా అని అడుగుతుంది. గ్నోమ్ 2018లో బగ్‌జిల్లా నుంచి గిట్‌ల్యాబ్‌కు మారింది. ఫ్లాట్‌ప్యాక్‌గానో స్నాప్‌గానో వేసుకున్నదైతే ఆ మాట రిపోర్టులో మొదటి వరుసల్లోనే చెప్పండి. ఆ పెట్టెల్లో నడిచే ప్రోగ్రామ్‌లకు ఫైళ్లు, ప్రింటర్లు కనబడే తీరే వేరు.

లాంచ్‌ప్యాడ్ పేరెత్తాను కాబట్టి ఒక సరదా సంగతి. అక్కడి 1వ నంబరు బగ్‌ను 2004 ఆగస్టులో ఉబుంటు వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ వేశారు. డెస్క్‌టాప్ మార్కెట్లో మైక్రోసాఫ్ట్‌దే అత్యధిక వాటా అన్నది అందులోని ఫిర్యాదు! 2013 మేలో ఆయనే మూసేశారు. నాకు నచ్చిందేమిటంటే, ఆ వేళాకోళపు బగ్‌లో కూడా మళ్లీ రప్పించే మెట్లు రాశారు: కంప్యూటర్ల దుకాణానికి వెళ్లండి, ఏం అమ్ముతున్నారో చూడండి.

కొత్తది వేసేముందు వెతకండి. ఎర్రర్ మెసేజ్‌లోని అరుదైన మాటలతో వెతకాలి, మూసేసిన బగ్‌లను కూడా కలిపి. మీ బగ్ అప్పటికే ఉంటే "నాకూ ఇదే" అని కామెంట్ పెట్టొద్దు, ఆ బగ్‌ను అనుసరిస్తున్న ప్రతి మనిషికీ ఒక మెయిల్ పోతుంది. లాంచ్‌ప్యాడ్‌లో అందుకోసమే ఒక గుర్తు ఉంది, గిట్‌ల్యాబ్‌లో బొటనవేలు ఉంది, అది నొక్కండి చాలు. వేరే హార్డ్‌వేర్ మీద వచ్చిందనో, కొత్త వెర్షన్‌లోనూ ఉందనో, మరింత చిన్న దారిలో రప్పించగలిగాననో చెప్పడానికుంటే మాత్రం మొహమాటం లేకుండా రాయండి.

సాక్ష్యం పోగుచేయడం

వెర్షన్ అడిగితే "లేటెస్ట్" అని ఎప్పుడూ రాయొద్దు. ఇవాళ్టి లేటెస్ట్ వచ్చే నెలకు పాతది. ప్రోగ్రామ్ వెర్షన్ అబౌట్ కిటికీలో ఉంటుంది. కెర్నెల్ వెర్షన్‌కు 'యునేమ్ మైనస్ ఆర్'. డిస్ట్రో, డెస్క్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు, తెర మీద కిటికీలు చూపడానికి వేలాండ్ వాడుతున్నారా ఎక్స్11 వాడుతున్నారా అన్నవి గ్నోమ్ సెట్టింగుల్లోని సిస్టమ్ డీటెయిల్స్‌లో, కేడీఈలో ఇన్ఫో సెంటర్‌లో ఒకేచోట ఉంటాయి. రెండింట్లోనూ కాపీ బటన్ ఉంది, నొక్కి అతికించడమే. తెర మినుకుమనడం, కిటికీలు తప్పుచోట తెరుచుకోవడం, స్క్రీన్ షేరింగ్ లాంటి గొడవల్లో వేలాండా ఎక్స్11ఆ అన్నది తెలియకుండా ఎవరూ ముందుకు పోలేరు.

లాగ్ కోసం నేను ఎక్కువగా వాడేది ఒకే ఉపాయం. టెర్మినల్‌లో 'జర్నల్‌సీటీఎల్ మైనస్ ఎఫ్' కొట్టి పక్కన పెట్టండి, కొత్త వరుసలు వస్తున్నకొద్దీ కనిపిస్తాయి. రెండుమూడుసార్లు ఎంటర్ నొక్కి ఖాళీ వదలండి, ఆపైన బగ్‌ను రప్పించండి. ఆ ఖాళీ కింద వచ్చిందే మీకు కావలసిన ముక్క. మెషీన్ బిగుసుకుపోయి రీబూట్ చేయాల్సి వస్తే 'జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1' అంటే కిందటి బూట్ లాగ్ చూపిస్తుంది. అక్కడే మీరు ముందు రాసుకున్న టైమ్ అక్కరకొస్తుంది. నా మెషీన్‌లో 'పీఎం సస్పెండ్ ఎంట్రీ' అన్న వరుసకూ 'పీఎం సస్పెండ్ ఎగ్జిట్' అన్న వరుసకూ మధ్య తేడా రెండే సెకన్లు. నేను నోటితో ఎంత చెప్పినా ఆ రెండు వరుసలకు సాటి రాదు.

లాగ్‌లో ఎర్రగా కనిపించే ప్రతిదీ నేరస్తుడు కాదు సుమా. చక్కగా నడుస్తున్న మెషీన్‌లో కూడా బూట్ అయ్యేటప్పుడు డజను ఎర్ర వరుసలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని "దీనివల్లే" అని తీర్పు ఇచ్చేస్తే అందరూ దాని వెంట పడతారు. లాగ్ ముక్కను ఫైల్‌గా జతచేయండి, రిపోర్టు మధ్యలో అయిదువేల వరుసలు పోయొద్దు.

ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మాయమైతే, అంటే క్రాష్ అయితే, చాలా డిస్ట్రోల్లో 'కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్' అని అడిగితే జాబితా వస్తుంది. లిస్ట్ బదులు 'ఇన్ఫో' అని పెట్టి ప్రోగ్రామ్ పేరు ఇస్తే ఏ ఫంక్షన్ దగ్గర కూలిందో తెలిపే బ్యాక్‌ట్రేస్ కనిపిస్తుంది. అందులో ఫంక్షన్ల పేర్లకు బదులు ప్రశ్నార్థకాలే ఉంటే డీబగ్ సింబల్స్ (ఆ పేర్ల సమాచారం) లేవని అర్థం. ఫెడోరా, డెబియన్, ఉబుంటు, ఆర్చ్‌లకు వాటిని అందించే డీబగ్‌ఇన్‌ఫోడీ సర్వర్లు ఉన్నాయి. 'కోర్‌డంప్‌సీటీఎల్ జీడీబీ' అని తెరిచినప్పుడు దించుకోవాలా అని అడిగితే సరే అనండి, ఆపైన 'బీటీ ఫుల్' అని కొట్టి వచ్చిందంతా కాపీ చేయండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, అది చదవడం వాళ్ల పని.

కోర్ డంప్ ఫైల్‌ను మాత్రం బహిరంగంగా ఎక్కించొద్దు. కూలిన క్షణంలో ఆ ప్రోగ్రామ్ మెమరీలో ఉన్నదంతా అందులో ఉంటుంది, పాస్‌వర్డ్‌తో సహా ఉండొచ్చు. లాగ్‌లో కూడా మీ యూజర్ పేరు, మెషీన్ పేరు, వైఫై పేర్లు, సీరియల్ నంబర్లు, సొంత ఫైళ్ల పేర్లు దొర్లుతుంటాయి. వాటిని తుడిచేయకుండా వేరే మాటతో మార్చండి. వరుసే తీసేస్తే కథ తెగిపోతుంది. హార్డ్‌వేర్ వివరాలకు 'ఇన్‌క్సీ' వాడితే పక్కన మైనస్ జెడ్ కలపండి, సొంత వివరాలను తనే దాస్తుంది.

అక్షరాలు విరిగిపోవడం, ఒత్తులు తప్పుచోట పడటం లాంటి బగ్ అయితే స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ మాటను టెక్స్ట్‌గా కూడా ఇవ్వండి, ఫాంట్ పేరు చెప్పండి. తెలుగు రాని డెవలపర్‌కు బొమ్మలో ఏది తప్పో తెలియదు, ఎలా ఉండాలో కూడా చూపించాలి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఒక్కటే ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసిన సంగతి గుర్తుందిగా. ఒక్క అక్షరమే అసలు సాక్ష్యం కావచ్చు.

లాక్ స్క్రీన్ దాటి లోపలికి పోగలగడం, వేరే యూజర్ ఫైళ్లు కనబడటం లాంటిది దొరికితే ఇక్కడే ఆగండి. అది భద్రతా లోపం. బగ్ ట్రాకర్‌లో ప్రైవేటుగా వేసే వీలుంటే అలా, లేకపోతే ఆ ప్రాజెక్టు సెక్యూరిటీ టీమ్‌కు నేరుగా రాయండి.

రాయడం

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు. చదివేవాళ్లలో చాలామందికి కూడా అది సొంత భాష కాదు. చిన్న వాక్యాలు, అంకెలు వేసిన మెట్లు చాలు. ఒక రిపోర్టులో ఒక్క బగ్గే. "ఇంకో సంగతి కూడా" అనిపిస్తే అది ఇంకో రిపోర్టు.

శీర్షికకు అయిదు నిమిషాలు కేటాయించండి. వందల బగ్‌ల జాబితాలో కనిపించేది అదొక్కటే. నా పాత శీర్షిక "సస్పెండ్ పనిచేయడం లేదు". రెండోసారి రాసింది ఇలా ఉంది, తెలుగులో చెబితే:

"యూఎస్‌బీ మౌస్ డాంగిల్ పెట్టి ఉంటే సస్పెండ్ అయిన రెండు సెకన్లకే మెషీన్ మేలుకుంటోంది, పాత కెర్నెల్‌లో ఈ సమస్య లేదు"

రిపోర్టు లోపలి భాగం ఇలా:

మెట్లు:
1. డాంగిల్‌ను ఎడమవైపు పోర్టులో పెట్టాను.
2. మెనూలో సస్పెండ్ నొక్కాను.
3. మౌస్‌నూ కీబోర్డునూ ముట్టుకోలేదు.

జరిగింది: తెర ఆరిపోయింది, రెండు సెకన్లకు లాక్ స్క్రీన్ వచ్చింది. పదికి పదిసార్లు.
జరగాల్సింది: నేను లేపేదాకా నిద్రలో ఉండాలి.
చూసినవి: డాంగిల్ తీస్తే సమస్య లేదు. కుడివైపు పోర్టులో పెట్టినా వస్తోంది. కిందటి కెర్నెల్‌లో అదే డాంగిల్‌తో పదికి పదిసార్లూ సరిగ్గా నిద్రపోయింది.

దాని కింద రెండు కెర్నెల్‌ల పూర్తి వెర్షన్లు, లాప్‌టాప్ మోడల్, 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కమాండ్‌లో డాంగిల్‌కు కనిపించిన వరుస, జతచేసిన లాగ్. అంతే.

మీ ఊహ ఏదైనా ఉంటే ఆఖర్న "నా అనుమానం" అని విడిగా రాయండి. చూసిందీ అనుకున్నదీ కలగలిపితే చదివేవాళ్లు రెండింటినీ నమ్మరు. "ఇంత చిన్నది కూడా పరీక్షించరా" లాంటి మాటలు రాయబుద్ధేస్తుంది, నాకూ వేస్తుంది. రాసి, పంపేముందు తీసేయండి. తీవ్రత గడి కనిపిస్తే అన్నిటికంటే పైది ఎంచుకోవద్దు. డెబియన్‌లో 'క్రిటికల్' అంటే సిస్టమ్ మొత్తాన్ని చెడగొట్టడం, డేటా పోగొట్టడం లాంటివి. మీకు చిరాకు తెప్పించే బగ్ అక్కడ 'నార్మల్' కిందికే వస్తుంది.

పంపాక

ట్రాకర్ నుంచి వచ్చే మెయిళ్లు ఇన్‌బాక్స్‌కే వచ్చేలా చూసుకోండి. నా మొదటి రిపోర్టు చచ్చింది అక్కడే. ప్రశ్న వస్తే రెండుమూడు రోజుల్లో బదులివ్వండి, బగ్‌జిల్లాలో అయితే 'నీడ్‌ఇన్ఫో' అన్న గుర్తు మీ మీద ఉందేమో చూడండి. పరీక్షించమని కొత్త బిల్డ్ ఇస్తే ధైర్యం ఉంటేనే వేయండి, లేకపోతే లైవ్ యూఎస్‌బీలో కుదురుతుందా అని అడగండి. ఎవరూ తప్పు పట్టరు.

జవాబే రాకపోవచ్చు. చాలా ప్రాజెక్టులను ఒకరిద్దరు తీరిక వేళల్లో నడుపుతుంటారు. వారం వారం "ఏమైంది" అని అడగడం కంటే, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మళ్లీ పరీక్షించి "ఈ వెర్షన్‌లోనూ ఉంది" అని ఒక వరుస రాయడం పని చేస్తుంది. ఫెడోరాలో ఒక్కో వెర్షన్‌కు సుమారు 13 నెలలే ఆయుష్షు. అది తీరగానే దాని మీదున్న బగ్‌లు వాటంతటవే మూసుకుపోతాయి. కోపం తెచ్చుకోకండి, కొత్తదానిలోనూ ఉంటే వెర్షన్ అంకె మార్చి బతికించండి. "డూప్లికేట్" అని మూస్తే మీ పని వృథా అయినట్టు కాదు, మీ లాగ్ అసలు బగ్‌కు ముడిపడి ఉంటుంది. "వోంట్‌ఫిక్స్" (సరిచేయం) అంటే మాత్రం అది వాళ్ల నిర్ణయం, వాదన ఒక్కసారికి చాలు.

సరిచేశామని చెప్పినా అది మీ మెషీన్‌కు చేరడానికి టైమ్ పడుతుంది. అప్‌స్ట్రీమ్‌లో కోడ్ చేరాలి, కొత్త వెర్షన్ విడుదల కావాలి, డిస్ట్రో దాన్ని తీసుకోవాలి. నా డాంగిల్ బగ్‌కు ఒకాయన తాత్కాలిక ఉపాయం చెప్పాడు, ఆ పరికరానికి మెషీన్‌ను మేల్కొలిపే అనుమతి తీసేయడం. దాన్ని అక్కడే వివరంగా రాసిపెట్టాను, తర్వాత వచ్చినవాళ్లకు పనికొస్తుందని. అసలు సవరణ కొన్ని వారాలకు మామూలు అప్‌డేట్‌లోనే వచ్చింది. ఉపాయం తీసేసి, డాంగిల్ పెట్టి, పదిసార్లు సస్పెండ్ చేశాను. పదిసార్లూ నిద్రపోయింది. కెర్నెల్ వెర్షన్ రాసి, బగ్‌ను నేనే మూసేశాను.